రోడ్డు మీద కూర్చుని నా వ్యాసం రాయించిన విజయక్క

నిన్న మధ్యాహ్నం భూపాలపల్లిలో, నేను కౌన్సెలర్‌గా పనిచేసే ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాను. కొడకండ్ల నుంచి ఫోన్.

"విజయక్క పోయింది" అన్నాడు వాళ్ల తమ్ముడు.

మొన్న ఆదివారమే మాట్లాడాను. డయాలసిస్ చేయించుకుని వచ్చి పడుకున్నానంది. గొంతు బాగానే ఉంది.

ఫోన్ పెట్టేసి, ఎదురుగా ఉన్న పేషెంట్‌తో మాట్లాడి పంపించాను. ఆ తర్వాత సెలవు పెట్టి కొడకండ్లకు బయలుదేరాను.

ఈరోజు అంత్యక్రియలు అయిపోయాయి. జనగామ బస్టాండ్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. నిద్ర లేదు. ఏడవడానికి ఓపిక కూడా లేదు.

విజయక్క మహబూబాబాద్‌లో మా డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేది. మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు.

తెలంగాణ ఉద్యమం రోజులు. బందులు, రాస్తారోకోలు. క్లాసులు జరిగింది తక్కువ. బొంబాయిలో సోషల్ వర్క్ పీజీకి అప్లై చేయమని అక్కే చెప్పింది. ఈ చదువు ఎందుకు కావాలో ఇంగ్లిష్‌లో ఒక వ్యాసం రాసి పంపాలి.

సీటు రాకపోతే అమ్మతో పాటు మిర్చి ఏరడానికి పోవడమే.

నాది నర్సింహులపేట దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. ఇంగ్లిష్ అంటే భయం. గైడ్‌లోంచి పెద్ద పెద్ద మాటలు ఏరి రాశాను.

చూపిద్దామని వెళ్తే కాలేజీకి తాళం. అక్క వంటావార్పు నిరసనలో ఉంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, గిన్నెలు, జనం. ఉల్లిగడ్డలు కోస్తున్నదల్లా చేతులు తుడుచుకుని చదివింది.

"నువ్వు గిట్ల మాట్లాడుతవా? దేశసేవ, సమాజసేవ... గీ మాటలు అందరు రాస్తరు. నువ్వేం చూసినవో జర గది చెప్పు."

 మా నానమ్మ సంగతి చెప్పాను.

చిన్నప్పుడు ఆమెను దవాఖానకు తీసుకెళ్లాం. ఆమెకు తెలుగు రాదు, డాక్టర్‌కు మా భాష రాదు. మధ్యలో నేను. ఆయన చెప్పిందాంట్లో సగం నాకే అర్థం కాలేదు. మందులు సరిగా వేసుకోలేదని కసిరాడు. నానమ్మ నా ముఖం వంకే చూస్తూ కూర్చుంది.

"గిదే రాయి," అంది అక్క. "నీకొచ్చిన ఇంగ్లిష్‌ల రాయి. తప్పులు నేను చూస్త. మాటలు మాత్రం నీయే ఉండాలె."

అక్కడే కూర్చుని రాశాను. నినాదాల మధ్య నా చెవి దగ్గరకొచ్చి స్పెల్లింగులు చెప్పింది. ఒక వాక్యాన్ని గొప్పగా మార్చబోతే పెన్ను లాక్కుంది. తర్వాత అందరితో కలిసి అన్నం తిన్నాం.

నాకు సీటు వచ్చింది.

అక్క రాయించిన చాలామందికి రాలేదు. వాళ్ల ఇళ్లకు పోయి మళ్లీ రాయించింది. కొందరికి తర్వాత వచ్చింది. కొందరు చదువే ఆపేశారు. వాళ్ల గురించి చివరిదాకా అడుగుతూనే ఉండేది.

రాష్ట్రం వచ్చింది. అక్క పనిచేసిన కాలేజీ మూతపడింది. సొంతూరు కొడకండ్లలో ట్యూషన్లు పెట్టుకుంది. ఆరోగ్యం పాడైనా పిల్లల వ్యాసాలు ఫోన్‌లో చూసేది. రెస్ట్ తీసుకోమంటే, "పండుకుంటే ఏమొస్తది? పాపం పిల్ల ఎదురుచూస్తున్నది" అనేది.

ఈరోజు పాడె మోసినవాళ్లలో చదువు ఆపేసిన మా క్లాస్‌మేట్ ఒకడున్నాడు. ఆటో నడుపుతాడు. అంతా అయ్యాక గోడకు ఆనుకుని కూర్చుని అన్నాడు:

"నాతోని రెండుసార్లు రాయించింది. సీటు రాలే, గది వేరే ముచ్చట. నీకేం గావాలెరా అని నన్ను అడిగింది మాత్రం ఆమె ఒక్కతే."

చాలా అలసిపోయావక్కా. ఇక సూదులు లేవు, నొప్పి లేదు. నెమ్మదిగా పడుకో. నీకు శాంతి దొరకాలి.