వాగు పేరు పెట్టిన పురుగు

ఢిల్లీలో నర్సుగా చేరిన కొత్తలో, ఒక సాయంత్రం బ్లూలైన్ బస్సులో జనక్‌పురి వెళుతున్నాను. నేను ఫోనులో అమ్మతో మాట్లాడటం విని, పక్క సీటు పెద్దాయన "మన తెలుగమ్మాయేనా?" అన్నారు. ఆయన చేతిలో చిన్న గాజుసీసా ఉంది. స్పిరిట్‌లో గోధుమరంగు పురుగొకటి రెక్కలు ముడుచుకుని ఉంది.

"దీన్ని క్యాడిస్‌ఫ్లై అంటారమ్మా. కొండవాగులో దొరికింది. ఇప్పటిదాకా ఎవరికీ తెలియని జాతి, దీని గురించి మొదట రాసి, పేరు పెట్టేది నేనే. ఇవి పిల్లపురుగులుగా ఉన్నప్పుడు ఇసుక రేణువులు అతికించి నీళ్ళలో గూడు కట్టుకుంటాయి. ఒక్కదానికే సరిపోతుంది ఆ ఇల్లు."

"అయితే మీ పేరే పెడతారా అంకుల్?"

"అబ్బే, రాసేవాడు తన పేరు తనే పెట్టుకోకూడదు. పురుగుల మీద పనిచేసే మా వాళ్ళ పద్ధతి అది. భార్య పేరో, బిడ్డ పేరో పెడుతుంటారు." కాసేపు కిటికీలోంచి చూశారు. "నేను ఆ వాగు పేరే పెట్టేస్తాను."

సీసా జేబులో వేసుకుని, "భయ్యా, రోక్‌నా" అంటూ బస్సు ఆపించి దిగిపోయారు. నా పేరు అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ అడిగేవారు కాదు. వార్డులో నేను సిస్టర్‌ని, ఇంటి ఓనరుకు మద్రాసీని.

ఆ రోజు గది తాళం తీస్తూ, నా పేరు ఒకసారి పైకే పలికి చూసుకున్నాను.