మేకుకు వేలాడిన పైపు

రేణిగుంటలో లారీల వీధి అంటే మాదే. దానికి వేరే పేరు ఒకటి ఉంది కానీ పోస్టుమాను తప్ప ఎవరూ వాడరు. నేను అక్కడ లారీ సీట్లకు రెక్సిన్ కుడతాను. నా పక్క కొట్టు సలావుద్దీన్‌ది. ఆయన అమ్మేది ఒకే సరుకు, లారీలకు, బస్సులకు వేసే ఎయిర్ బ్రేకు పైపులు. డ్రైవరు బ్రేకు తొక్కితే ఆ రబ్బరు పైపులోంచే గాలి వెళ్లి చక్రాన్ని ఆపుతుంది. పైపు చీలిందా, ఇక దేవుడే దిక్కు.

ఆ పైపులను ఆయన చూసుకునే తీరుకు నాకు నవ్వొచ్చేది. వెనక చీకటి గదిలో చెక్క బల్లల మీద, మడత పడకుండా, పెద్ద చుట్టలుగా పరిచి పెట్టేవాడు. లోపలికి దుమ్ము పోకుండా రెండు కొసలకూ మూతలు. పైన నల్ల గుడ్డ. ఆ గదిలో ఎండ పొడ పడకూడదు, నూనె చెయ్యి తగలకూడదు. ముందు వచ్చిన సరుకు ముందు పోవాల్సిందే. పాతబడిన పైపును ఎవరు బతిమాలినా అమ్మేవాడు కాదు, తానే కోసి పారేసేవాడు.

"పెళ్లికూతురికి కూడా ఇంత ముసుగు వెయ్యరు గదా సాయిబూ" అని ఆటపట్టిస్తే, "రబ్బరుకు ఎండ పగ దొరస్వామీ. పైకి బాగనే ఉంటాది, లోపల సచ్చిపోయింటాది" అనేవాడు. అనేసి నవ్వేవాడు కాదు.

ఆయన కొట్టు ముందు గోడకు ఒక పెద్ద మేకు ఉంది. దానికి ఆయన ఏదీ తగిలించగా నేను చూడలేదు. ఆయన భార్య గౌసియా బీ మాత్రం మధ్యాహ్నం అన్నం తెచ్చిన సంచిని దానికే తగిలించేది.

ఆ మేకు సంగతి ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. నేను ఈ వీధికి రాకముందు, గిరాకీ కంట్లో పడాలని, అన్ని కొట్ల వాళ్లలాగే సలావుద్దీన్ కూడా ఆ మేకుకు ఒక పైపు వేలాడదీసేవాడట. ఎండకు ఎండుతూ అది అక్కడే ఉండేది. కొడుకు ముజఫర్ లారీ తోలేవాడు. తండ్రి నమాజుకు వెళ్లిన వేళ, తొందరలో ఆ పైపే లాక్కుని బండికి బిగించుకుపోయాడు. మదనపల్లె నుంచి టమాటా లోడుతో ఘాట్ దిగుతుంటే మలుపులో అది చీలింది. బండి లోయలో పడింది. విరిగిన బండి కింద ఆ పైపును తండ్రి గుర్తుపట్టాడు. భార్యకు మాత్రం వానకు రోడ్డు జారిందని చెప్పాడు. ఇంటికి అన్నం పెట్టేవి ఆ పైపులే. కొడుకును మింగింది కూడా అవేనని తెలిస్తే ఆమె ఆ అన్నం ఎట్లా తింటుంది? మొన్నటిదాకా నాకూ వాన సంగతే తెలుసు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే సలావుద్దీన్ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. పాకాలలో కూతురు ఇంట్లో మంచం పట్టాడు. గౌసియా బీ కొట్టు మూయలేదు. కొట్టు ముందు భాగంలోని బీరువాలో ఉన్న సరుకు అమ్ముకుంటూ కూర్చుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అకాల వాన ఒకటి కురిసి వెనక గది కప్పు కారింది. పైపులన్నీ తడిశాయి.

అప్పుడామె ఏ ఇల్లాలైనా చేసే పనే చేసింది. పరుపులు తడిస్తే, మిరపకాయలకు తేమ తగిలితే ఏం చేస్తామో అదే. ఇంటికి మోయించి మిద్దె మీద చాప పరిచి పైపులను ఎండబెట్టింది, అందుకే నా కంట పడలేదు. బూజు వాసన పోలేదని వేసవి పొడుగునా ఎండ చూపిస్తూనే ఉంది. సాయంత్రం కిందికి దించి కొబ్బరినూనె రాసి తుడిచేది. ఆయన తిరిగి వచ్చేసరికి గదిలో సరుకు నిగనిగలాడాలని ఆమె ఆశ.

మొన్న ఆయన చేతికర్ర మీద వచ్చాడు. నేనే ఆటోలోంచి దించి లోపలికి నడిపించాను. వెనక గది గడపలోనే ఆగి కొబ్బరినూనె వాసన పీల్చాడు. తర్వాత ఒక పైపు తీసి వెలుతురులోకి తెచ్చి వంచాడు. వంపు మీద సన్నటి పగుళ్లు కనిపించాయి.

"వీటికి ఏం చేసినావు?"

"ఎండ సూపించినాను. నూనె పట్టించినాను. సూడండి, ఎట్లా మెరస్తా ఉండాయో" అంది గౌసియా బీ, పిల్లకు జడ వేసి చూపించినంత మురిపెంగా.

"ఎవరికన్నా ఇచ్చినావా?"

"బీరువాలోవి నిన్ననే అయిపోయినాయి. పొద్దున మన వీధి లారీ డ్రైవరు మునిశేఖర్ వస్తే వీట్లో ఒకటి ఇచ్చినాను. మదనపల్లెకు పోతా ఉన్నాడు."

సలావుద్దీన్ ఫోను తీశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి నేనే నొక్కి ఇచ్చాను. ఎంతసేపటికో మునిశేఖర్ పలికాడు. ఘాట్ ముందర టీకి ఆగాడట.

"బండి కదపద్దు. ఆ పైపు తీసెయ్, నేను వేరేది పంపిస్తాను."

"ఏం భాయ్, కొత్తదే గదా. లోడుకు టైమయిపోతా ఉండాది."

"కదపద్దప్పా. ముజఫర్ మీద ఒట్టు."

మునిశేఖర్ సరేనన్నాడు.

కొడుకు పోయినప్పటి నుంచి సలావుద్దీన్ నోట ఆ పేరు రాలేదు. గౌసియా బీ ముఖంలో మురిపెం పోయింది.

"వాని పేరు ఎందుకు తీసినారు?"

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "వానకు కాదు గౌసియా" అని మొదలుపెట్టి, మేకు దగ్గర నుంచి లోయ దాకా అంతా చెప్పాడు. నేను వెళ్లిపోవాల్సింది. గడపలోనే నిలబడి విన్నాను.

ఆమె ఏడవలేదు. పగుళ్లు పడిన ఆ పైపును చేతిలోకి తీసుకుంది. "అప్పుడే చెప్పింటే వీటిని ఎండకు పెట్టుందునా? ఈ పొద్దు ఇంకొక తల్లి కొడుకును పంపిస్తినే" అంది. ఆమె మీద జాలితో దాచిన మాట ఆమె చేతుల మీదుగానే తిరిగి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని పైపులన్నీ కోశారు. ఆమె కొస పట్టుకుంటే ఆయన కోశాడు. నేను తిరుపతికి పోయి, ఆయన పేరు చెప్పి కొత్త పైపు తెచ్చి మునిశేఖర్‌కు అందించి వచ్చాను.

వచ్చేసరికి ఇద్దరూ కొట్టు మూస్తున్నారు. సలావుద్దీన్ నన్ను పిలిచి, "దొరస్వామీ, నీ పట్టకారు ఇయ్యి. ఈ మేకు పీకేస్తాను" అన్నాడు.

గౌసియా బీ తన సంచిని దాని మీద నుంచి తీసుకుంది.

"పీకద్దండి" అంది. "నా బిడ్డ ఈ కొట్లో కడసారి చెయ్యి పెట్టింది దాని మీదనే."

సంచి చేత్తో పట్టుకుని ఇంటికి నడిచింది.