నీ వల్ల కాదు వదినా

మా మేనత్త పోయిందని మొన్న ఆదివారం ఉదయం రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. మళ్ళీ పక్షవాతమే. ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు.

రేపల్లె బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. బాపట్లలో మా ఇంటికి వస్తే కాఫీ తాగకముందే నాకు బీపీ చూసేది. కూర రుచి చూసి, "ఉప్పు తగ్గించవే" అనేది. "భయమేస్తే వెయ్యనీ, మందు మాత్రం మానకు" అన్నది ఆమె నోట ఎప్పుడూ వినే మాట.

మా నాన్న నలభై నిండకుండానే పక్షవాతంతో పోయాడు. తాతయ్యా అంతే. అయినా బంధువులు మా అమ్మనే అన్నారు, ఆమె కాపురానికి వచ్చిన వేళ మంచిది కాదని. తెనాలి పక్కన అంగలకుదురులో అమ్మ ఆ మాట మోస్తూనే నన్ను పెంచింది.

అత్తయ్యకు మొదటిసారి కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు డాక్టరు రక్తం పరీక్షకు పంపారు. మెదడులోని సన్నటి రక్తనాళాలను పాడుచేసే జన్యులోపం అని తేలింది. తాతయ్య నుంచి వచ్చి ఉంటుందన్నారు.

కర్ర సాయంతో నడవగలిగిన వెంటనే ఆమె నన్ను తోడు తీసుకుని అంగలకుదురు బయలుదేరింది. గుమ్మంలోనే అమ్మ చెయ్యి పట్టుకుంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నీ వల్ల కాదు వదినా. మా రక్తంలోనే ఉంది. అన్నయ్య దాంతోనే పుట్టాడు."

అమ్మ అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తలెత్తి నన్ను చూసింది.

"మరి దీనికో?"

అత్తయ్య తల దించుకుంది. "సగం అవకాశం ఉందన్నారు వదినా."

నాకూ ఉందని పరీక్షలో తేలింది. పూర్తిగా నయం చేసే మందు లేదు. బీపీ పెరగకుండా చూసుకుంటూ, రాబోయేదాన్ని వీలైనంత వెనక్కి నెట్టడమే. అది విని అత్తయ్య, తనే నాకు అంటించినట్టు కుమిలిపోయింది. "నాతో ఆపెయ్యకూడదా ఆ ప్రభువు" అంది.

నా కూతురు ఇంకా చిన్నది. పెద్దయ్యేదాకా దానికి పరీక్ష వద్దన్నారు. రోజూ ప్రార్థిస్తాను. కానీ అది పుట్టకముందే తేలిపోయినదాన్ని మార్చమని ఎలా అడగాలో తెలియడం లేదు. ఇలాంటప్పుడు ఫోన్ చేయడానికి ఇన్నాళ్ళూ నాకు ఉన్నది అత్తయ్య ఒక్కతే.

సమాధి దగ్గర అందరూ కదిలాక, అత్తయ్య పక్కింటావిడ నా కూతురి గడ్డం పట్టుకుంది. "అంతా మా టీచరుగారి పోలికేనమ్మా" అంది కళ్ళు తుడుచుకుంటూ.

అది మురిసిపోయింది. జుట్టు వెనక్కి తోసుకుని, నాకు బాగా కనబడేలా ముఖం పైకెత్తి నవ్వింది.