ఆల్ప్స్ వాగు నీళ్లు మా పిల్ల కడుపులో

అన్నం ముందు కూర్చుని మా సహస్ర త్రేన్చింది. కుళ్లిన కోడిగుడ్డు పగలగొట్టినట్టు గుప్పుమంది. నాకు వాంతి వచ్చినంత పనైంది. పదేళ్ల పిల్ల, తన వాసనకు తానే ముక్కు మూసుకుని, ఇక్కడి సింగపూర్ యాసలో "యక్, సో స్మెల్లీ లా!" అని నవ్వింది. మర్నాటికి ఆ నవ్వు పోయింది. జిడ్డు జిడ్డుగా విరేచనాలు. బాత్రూమ్ తలుపు తీస్తే పాసిర్ రిస్‌లోని మా ఫ్లాట్ అంతా కంపే.

అంతకు ముందు వారమే ఆస్ట్రియా కొండల్లో టెంట్ వేసుకుని, ఆకులు పండి రాలడం చూసి తిరిగొచ్చాం. చెట్లూ, చలీ, ఫొటోలూ అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మా ఆయన! కాకినాడ వెళితే నీళ్ల బాటిల్ సీలు తిప్పి తిప్పి చూసే మనిషి, అక్కడ వాగు కనబడగానే పిల్ల బాటిల్ ముంచేశారు. "యూరప్ నీళ్లు, అమృతం! తాగు నాన్నా" అన్నారు. మర్నాడు పైకి నడిస్తే అదే వాగులో ఆవులు నిలబడి తాపీగా పేడ వేస్తున్నాయి. ఛీ!

ఇంటి కింద క్లినిక్‌లో డాక్టర్ మొదట అడిగిన మాట, "ఇండియా వెళ్లొచ్చారా?" అని. "నో డాక్టర్, యూరప్" అన్నారు మా ఆయన, గొప్పగా. మోషన్స్ ఎలా ఉన్నాయంటే "కొద్దిగా లూజ్" అని సర్దేశారు. "స్టమక్ ఫ్లూ లా, రెస్ట్ చాలు" అని పంపేశాడాయన.

పిల్ల తిండి మానేసింది. పొట్ట ఉబ్బింది, యూనిఫాం స్కర్ట్ మాత్రం నడుము మీద నిలవడం లేదు. స్నానం చేయిస్తుంటే పక్కటెముకలు చేతికి తగిలాయి. హడలిపోయి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడా మా ఆయన "కొద్దిగా..." అని మొదలెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు కాస్త ఊరుకోండి" అని రంగు, జిడ్డు, ఫ్లష్ చేసినా తేలడం, ఆ కంపు, ఆవుల పేడ, అన్నీ డాక్టరమ్మకు కక్కేశాను. "వాగు నీళ్లా? ముందు స్టూల్ టెస్ట్" అంది. డబ్బాలోకి శాంపిల్ తీసింది నేనే. ఆ పని పగవాళ్లకు కూడా వద్దు. రిపోర్ట్‌లో జియార్డియా అని వచ్చింది. కంటికి కనబడని పురుగట, మా పిల్ల పేగుల్లో కాపురం పెట్టింది.

దానికి మెట్రోనిడజోల్ మందు మొదలైంది. నోరంతా ఇనుము చేదంటూ పిల్ల కక్కడం, నేను తుడవడం. కోర్సు అయ్యాక కుదుటపడింది. ఫోన్‌లో మా అత్తయ్య, "పెరుగన్నం పెట్టవే, కడుపు చల్లబడుద్ది. పాలు కూడా పట్టు" అన్నారు. పెట్టాను, పట్టాను. మళ్లీ ఉబ్బరం, మళ్లీ బాత్రూమ్. పురుగు తిరిగొచ్చిందని ఏడ్చాను. ఈసారి టెస్ట్ నెగటివ్. "లాక్టోజ్ ఇంటాలరెన్స్, జియార్డియా దెబ్బకు పేగులకు పాలు అరగడం లేదు, టెంపరరీ. పాలు, పెరుగు కొన్నాళ్లు ఆపండి" అంది డాక్టరమ్మ. పెరుగు ఆపమనే డాక్టరూ ఒక డాక్టరేనా అని అత్తయ్య అలిగారు. అలగనీ!

ఇప్పుడు సహస్ర బడికి వెళ్తోంది. తిండి అంగళ్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో తన ప్లేటు ఖాళీ చేసి నా ప్లేటు మీద పడుతోంది.

ఒక్క మాట చెప్తాను. డాక్టర్ దగ్గర నాజూకు వద్దు. విరేచనం రంగు, జిడ్డు, కంపు ఉన్నదున్నట్టు చెప్పండి, పక్కవాళ్లు ముక్కు మూసుకున్నా సరే. ఆ అసహ్యమంతా నేను నోరు విప్పి చెప్పాకే మా పిల్లకు సరైన మందు పడింది.