పనసవలసకు వేసిన రంగు

పాండురంగం చేతి అక్షరాలు లేని దుకాణం ఒకప్పుడు వరంగల్లు మట్టెవాడలో వెతికినా దొరికేది కాదు. బట్టల కొట్టయినా, మందుల షాపయినా బోర్డు కింద కుడిమూలన సన్నగా "రంగం ఆర్ట్స్" అని ఉండేది. అక్షరానికి నీడ వేస్తే అది రేకు మీంచి లేచి ముందుకొచ్చినట్టుండేది. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పొద్దున ఆర్డరిస్తే మధ్యాహ్నానికి ముఖ్యమంత్రి బొమ్మంత బోర్డు చేతికొచ్చే కాలంలో, ఒక్క పేరు రాయడానికి రెండు రోజులడిగే మనిషితో ఎవరికి పని? బ్రష్షులు కిరసనాయిల్లో నానబెట్టి పక్కన పెట్టాడు. ఇళ్ళకు రంగులు వేసే పనికి దిగాడు. పన్నెండేళ్ళు గోడలకు పుట్టీ రాశాడు. ఆ పన్నెండేళ్ళలో ఎవరూ ఆయన్ని ఒక్క అక్షరం రాయమని అడగలేదు.

భార్య పోయాక ఆయనకు మిగిలిన దగ్గరివాళ్ళు ముగ్గురే. సుబేదారిలో ఉండే చెల్లెలు కళావతి, ఆమె భర్త సారంగపాణి, వాళ్ళ కూతురు సౌమ్య. సారంగపాణిదీ రంగుల పనే. చూపుతోనే రంగు కలిపేవాడు. చీర కొంగు చూపించి ఇదే రంగు కావాలన్నా డబ్బాలో అచ్చం అదే తేల్చేవాడు. మాటల మనిషి. బావాబామ్మర్దులు ఒకే నిచ్చెన రెండు వైపులా పట్టుకుని తిరిగారు.

రెండేళ్ళ కిందట ఆగస్టులో రమాకాంత్ అనే హనుమకొండ కాంట్రాక్టరు పని తెచ్చాడు. విశాఖ దాటి కొండల్లో, కాఫీ తోటల నడుమ పనసవలస అని ఒక ఊరు. నలభై ఇళ్ళు. టూరిస్టులు రావాలంటే ఇళ్ళన్నిటికీ తలా ఒక రంగు వేయాలి, గోడల మీద పూలూ పిట్టలూ గీయాలి. అక్టోబరు పదో తేదీన ప్రారంభం.

"ఊరి ముంగట కమాను కడ్తానం పాండురంగం," అన్నాడు రమాకాంత్. "దాని మీద ఊరి పేరు చేత్తోనే రాయాలె. ఫ్లెక్సీ వద్దన్నరు పెద్దసార్లు. గసొంటి రాత నీకు తప్ప ఎవ్వనికొస్తది?"

ఆ మాటకే పాండురంగం ఒప్పుకున్నాడు. బావను తానే బయల్దేరదీశాడు.

ఊరు చూడగానే ఇద్దరికీ పని చెడ్డదని తెలిసింది. అన్నీ మట్టి గోడలు. ఆడవాళ్ళు ఎర్రమట్టి మెత్తి, కింద నల్లటి పట్టీ తీర్చి, చేత్తో నున్నగా రుద్దిన గోడలు. ఆ కొండ మీద వాన వారాల తరబడి పడుతుంది. మట్టి గోడ తడుస్తుంది, ఆరుతుంది. దానికి ప్లాస్టిక్ రంగు పూస్తే లోపలి చెమ్మకు బయటికి దారుండదు. పాండురంగం ఆ సంగతి ఫోన్లో చెప్పాడు.

"రెండు వానలకు పొక్కులు లేస్తది సార్. సున్నమేద్దాం, రంగు అండ్లనే కలుపుదాం."

"సున్నం ఫొటోల్ల వెలిసినట్టు కనబడ్తది. ప్రారంభం నాటికి మెరవాలె. తర్వాత సంగతి తర్వాత," అన్నాడు రమాకాంత్.

సారంగపాణి మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "ఇండ్లు వాళ్ళయి బావా. వాళ్ళనొక మాట అడుగుదామా?" అన్నాడు. అడగలేదు. సోములమ్మ అనే ముసలామె ఒక్కతే తన గోడకు అడ్డం నిలబడింది. ఊరిపెద్ద వచ్చి ఆమెకు నచ్చజెప్పి పక్కకు తీసుకుపోయాడు. ఆ ఇంటికి నీలం రంగు వేసింది పాండురంగమే.

సెప్టెంబరు నెలాఖరులో సారంగపాణికి చలిజ్వరం పట్టుకుంది. నాలుగో రోజు డోలీ కట్టి కొండ దించారు. వానకు రోడ్డు తెగిపోయి జీపు పైకి రాలేదు. కింద దవాఖానలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "దారిలోనే ప్రాణం పోయింది" అన్నాడు.

పాండురంగం చెల్లెలికి మాత్రం వేరుగా చెప్పాడు. జ్వరం తగిలిన నాడే పెద్ద దవాఖానలో చేర్చామని, మంచం చుట్టూ డాక్టర్లున్నారని, సెలైను ఎక్కుతుండగా నిద్రలో పోయాడని చెప్పాడు. కళావతి నమ్మింది. ఏడాది పొడుగునా వచ్చినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పుకుంది. "ఏం తక్కువ చెయ్యలే మా అన్న. నిద్రల్నే పోయిండట," అంటుంటే పక్కనే కూర్చుని పాండురంగం నేల వైపు చూసేవాడు.

సంవత్సరీకం అయ్యాక కళావతి ఒక కోరిక కోరింది. భర్త చివరి పని తన కళ్ళతో చూడాలంది. సౌమ్య వెంటనే టికెట్లు తీసింది. పాండురంగం మోకాళ్ళ నొప్పులన్నాడు, చలన్నాడు.

"నువ్వు రాకుంటే మాకు ఏ గోడ ఎవరిదో ఎట్ల తెలుస్తది మామా?" అంది సౌమ్య. ఆయన సంచి సర్దుకున్నాడు.

డిసెంబరులో వరంగల్లులో రైలెక్కి, విశాఖలో దిగి, పొద్దున్నే కొండల రైలు పట్టుకున్నారు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెట్టారు. సౌమ్య ఫోను చూసి తల్లికి చదివి వినిపించింది. "పనసవలసల చెయ్యాల్సిన పనులట అమ్మా. రంగుల ఇండ్ల ముందట ఫొటోలు దిగుడు. కాఫీ తోటల నడుసుడు. గింజలు ఎట్ల వేయిస్తరో చూసుడు. బొంగుల వండిన చికెన్ తినుడు. దింసా ఆట చూసుడు. పొద్దుమూకే యాళ్ళకు గుట్టెక్కి వ్యూపాయింట్."

"అన్నీ చేద్దాం. మీ నాయన ఉంటే అన్నీ చేయించేటోడు," అంది కళావతి.

మొదట కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లు బాణాల్లా నిటారుగా ఉన్నాయి. వాటికి మిరియాల తీగలు అల్లుకున్నాయి. కింద కాఫీ మొక్కల కొమ్మలకు ఎర్రటి పండ్లు గుత్తులుగా ఉన్నాయి. తోట చూపించే మనిషి ఒక పండు నొక్కి చూపాడు, లోపల జిగురు మధ్య రెండు గింజలు. కళావతి నోట్లో వేసుకుని తియ్యగా ఉందంది. పెనం మీద గింజలు వేగుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చేదు కాఫీ సగం తాగి మిగిలింది అన్నకిచ్చింది. ఆమె అంత తేలికగా ఉండటం ఏడాదికి పైగా పాండురంగం చూడలేదు. ఆ కాసేపూ, ఎవరికీ ఏమీ తెలియకుండానే తిరిగి వెళ్ళిపోతామేమో అనుకున్నాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి కమాను ముందు నలుగురు కుర్రాళ్ళు ఎగిరి ఫొటోలు దిగుతున్నారు. "పనసవలసకు స్వాగతం" అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. "అబ్బ, ఏం రాసినవ్ మామా," అంది సౌమ్య. ఆయన తల ఎత్తలేదు.

లోపలి ఇళ్ళ సంగతి అలా లేదు. రంగు అప్పడంలా ఉబ్బి పొరలు పొరలుగా వేలాడుతోంది. గులాబీ గోడ మీద సారంగపాణి గీసిన నెమలికి మెడ ఉంది, తోక రాలిపోయింది. టూరిస్టులు రాలని భాగం చూసుకుని దాని ముందు నిలబడుతున్నారు. ఆ ఇంటి పిల్ల మాత్రం అరుగు మీద కాఫీ పొడి పొట్లాలు పెట్టుకుని గలగలా అమ్ముతోంది. కళావతి నెమలి మెడను వేలితో తాకింది. రంగు పెచ్చు ఊడి ఆమె చేతిలో పడింది. దాన్ని రుమాలులో చుట్టుకుంది.

సోములమ్మ ఇంటి వెనక గోడ సగం కూలింది. ముందు గోడ నీలం పొక్కుల మీద ఆమె ఎర్రమట్టి మెత్తుతోంది. మెత్తినది మెత్తినట్టే జారి కింద పడుతోంది. అలికిడికి వెనక్కి తిరిగి పాండురంగాన్ని గుర్తుపట్టింది.

"రంగులాయనవి గదా నువ్వు? మట్టి నిలవడం లేదయ్యా దీని మీద. ఏం పూసినావో గానీ."

పాండురంగం తల వంచుకున్నాడు.

"ఆ రెండో ఆయన పెళ్ళామా ఈమె?" ముసలామె మట్టి చేతులు దులుపుకుని దగ్గరికొచ్చింది. "ఈ అరుగు మీదే పడున్నాడమ్మా నాలుగు రోజులు. సలికి వణికిపోయేవాడు. అంబలి కాసి పోసినాను. ఎవరికో ఫోను సెయ్యమని అడిగేవాడు. డోలీ మా కొడుకే మోసినాడు. సగం దారి పోకముందే అయిపోనాడు పాపం."

సౌమ్య మేనమామ వైపు చూసి, తల్లి వైపు చూసి, ఫోను సంచిలో పెట్టేసింది. కళావతి అరుగు మీద కూర్చుంది. అరచేత్తో ఆ అరుగును ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా మెల్లగా నిమిరింది.

"నాలుగు రోజులా అన్నా?"

"అవును చెల్లె."

"ఫోను చెయ్యమన్నది నాకేనా?"

"నీకే."

"ఈడ ఫోను కలువదా?"

"గుట్ట మీదికెక్కితే కలుస్తది," అన్నాడు పాండురంగం. ఆయన రోజూ ఆ గుట్ట ఎక్కి రమాకాంత్‌తో మాట్లాడేవాడు. ఆ మాట కూడా చెప్పాడు.

దింసా ఆట డప్పులు మొదలయ్యాయి. టూరిస్టులు అటు పరుగెత్తారు. కళావతి లేచి, జీపు వద్దని, డోలీ దిగిన దారినే నడుస్తానంది. ముగ్గురూ దిగారు. ఒక మలుపు దగ్గర పాండురంగం ఆగి, "ఈడ" అన్నాడు. అక్కడ ఏమీ లేదు. కాఫీ మొక్కలు, ఎండుటాకులు. ఆమె అక్కడ చాలాసేపు నిలబడింది. ఏడవలేదు. తిరుగు ప్రయాణంలో అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. విశాఖ స్టేషన్లో సౌమ్య మూడు టిఫిన్ పొట్లాలు తెస్తే, ఆయన పొట్లం కూతురి చేతనే ఇప్పించింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు సుబేదారి గడప ఆయన తొక్కలేదు. పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు. రాఖీ పున్నమి నాడు తెల్ల చొక్కా తొడుక్కుని సాయంత్రం దాకా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గట్టయ్య అనే పక్కింటాయన చేతికి అయిదు రాఖీలున్నాయి. "మీ చెల్లె రాలేదా?" అని అడిగితే ఒంట్లో బాగాలేదట అన్నాడు. అబద్ధమాడటం తనకు ఎంత తేలికైపోయిందో అప్పుడు ఆయనకే అసహ్యమేసింది.

మర్నాడు సౌమ్య ఫోన్ చేసింది. "అమ్మ రమ్మంటాంది మామా."

వెళ్ళేసరికి కళావతి కింద చాప వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఇంకో చాప పరిచి ఉంది. పళ్ళెం లేదు, రాఖీ లేదు.

"కూసో అన్నా. ఆ నాలుగు రోజులు చెప్పు. పొద్దుగాల ఏం తిన్నడు, ఏం మాట్లాడిండు, అన్నీ చెప్పు. అబద్ధం ఒక్కటి చెప్పినా లేచి లోపలికి పోత."

ఆయన చెప్పాడు. మొదటి రోజు జ్వరంలోనే పసుపు రంగు కలిపాడని, గోడ మీద గీసే వలిసె పూలకు ఇంకా చాయ రావాలని గొణిగాడని చెప్పాడు. రెండో రోజు అంబలి తప్ప ఏదీ ఇమడలేదన్నాడు. మూడో రోజు దగ్గర ఆగాడు.

"చెప్పు."

"ఊరి ఆశా కార్యకర్త వచ్చి సూసింది. ఇయ్యాల్నే దించాలె, రేపటిదాక ఆగొద్దన్నది. అప్పటికింకా రోడ్డు తెగలే. పిలిస్తే జీపు పైకొచ్చేది."

"మరెందుకు దించలే? ఆ కాంట్రాక్టరు వద్దన్నడా?"

ఔనంటే సరిపోయేది. రమాకాంత్ మీద ఆ మాట నిలిచిపోయేది.

"ఆయనకు నేను చెప్పనే లే," అన్నాడు పాండురంగం. "నేను కమాను మీదున్న. పన్నెండేండ్లకు అక్షరాలు రాయమన్నరు చెల్లె. రెండక్షరాలకు నీడ వెయ్యాలె. వాన తెరిపిచ్చింది. మళ్ళ పడితే పచ్చి రంగు కారిపోతదని... రేపు పొద్దుగాల దింపుదామన్న. బావ సరే అన్నడు. పోయి రాసుకో, నాకేం కాదన్నడు. ఆ రాత్రే రోడ్డు తెగింది."

సౌమ్య వంటింటి గుమ్మంలో నిలబడి చెంగుతో నోరు మూసుకుంది. ఆయన నాలుగో రోజు కూడా చెప్పాడు. డోలీలో బావ పక్కనే నడిచాడని, ఒకసారి నీళ్ళడిగితే ఆకు మీది వాన నీళ్ళు నోట్లో వంచాడని, తర్వాత ఆయన ఏమీ అడగలేదని చెప్పాడు. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

కళావతి గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. "నిన్ను చూడబుద్ధి కాదు అన్నా," అంది మెల్లగా. "గని ఆయన ఎట్ల పోయిండో చెప్పడానికి నాకు నువ్వొక్కనివే ఉన్నవ్."

పాండురంగం లేవబోయాడు. ఆమె కళ్ళు తెరవకుండానే చేత్తో కూర్చోమని సైగ చేసింది.

"మూడోరోజు సంది మళ్ళ చెప్పు. సరే అన్నడన్నవ్ గదా. ఎట్లన్నడు? నవ్వుకుంటన్నడా?"

పాండురంగం మళ్ళీ మొదలుపెట్టాడు.