చిన్న గిన్నెలో పప్పు

రుచి చూడటానికి గరిటె నోట్లో పెట్టుకునే అలవాటు బ్రహ్మానందానికి లేదు. ఎడమ అరచేతిలో ఒక చుక్క వేసుకుని, నాలుకకు తగిలించి, చేయి పంచెకు తుడుచుకునేవాడు. అంతటితో తీర్పు అయిపోయినట్టే. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పక్క సందులో ఆయన కర్రీ పాయింట్ పద్దెనిమిదేళ్లుగా నడిచింది ఆ చుక్క మీదే. పదిన్నరకల్లా స్టీలు బాక్సులు పట్టుకుని జనం వరుసకట్టేవారు. ఎవరైనా పప్పులో ఉప్పు తగ్గిందంటే, పోయి నోరు కడుక్కుని రమ్మని మొహం మీదే అనేవాడు. అనిపించుకున్నవాళ్లు కూడా మర్నాడు మళ్లీ వచ్చేవారు. ఆ పప్పు అలాంటిది మరి.

అంతటి నాలుకను ఆయన ఎంత బాగా చూసుకున్నాడంటే, ముప్పై ఏళ్లు దాని పక్కనే ఖైనీ దట్టించి ఉంచాడు. పొయ్యి సెగ దగ్గర అది లేకపోతే చేయి ఆడదట. భార్య కృష్ణకుమారి చెప్పీ చెప్పీ విసిగిపోయింది. నాలుక అంచున పుండు లేస్తే వేడి చేసిందని ఆర్నెల్లు మజ్జిగ తాగాడు. చివరికి గుంటూరులో పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. నాలుకలో ఎడమవైపు తీసేసి, ముంజేతి చర్మం కోసి అక్కడ అతికించారు. ఆ తర్వాత ముప్పైసార్లు రేడియేషన్ కరెంటు పెట్టారు.

ముక్కులో గొట్టం తీసిన రోజున ఆయన అడిగింది దోసకాయ పప్పు. కృష్ణకుమారి కారం లేకుండా మెత్తగా మెదిపి, నెయ్యి వేసి పెట్టింది. రంపపు పొట్టు నోట్లో పోసుకున్నట్టుంది. ఉమ్మేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రుచి నెమ్మదిగా వస్తుందనీ, ఏడాది పట్టొచ్చనీ, మొత్తం రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. అందులో చివరి మాటే ఆయన చెవికెక్కింది. ఆకలి కూడా చచ్చిపోయింది. డెబ్బై కిలోల మనిషి నలభై తొమ్మిదికి వచ్చాడు. మాట ముద్దగా వచ్చేది, కృష్ణకుమారికి తప్ప మరొకరికి అర్థమయ్యేది కాదు.

"రుచి తెలియనోణ్ణి, ఇంక నేనెందుకే" అన్నాడొకరోజు.

ఆమె భయపడింది. మర్నాడు, ఆపరేషనైన నాలుగో నెలలో, తానే నడుపుతున్న కర్రీ పాయింట్లో ఒక కుర్చీ తెచ్చి పొయ్యి పక్కన వేసి, ఆయన్ను చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

మొదటిరోజే ఆయన అరచేతిలో చుక్క వేయించుకుని ఉప్పు చాలలేదన్నాడు. ఆమె వేసింది. ఇంకా చాలలేదన్నాడు. ఇంకా వేసింది. మర్నాటి నుంచి ఆమె ఒక కొత్త పద్ధతి పెట్టింది. పెద్ద గిన్నె ఆవిరి ఆయన నోటికి మంచిది కాదని, ముందు చిన్న గిన్నెలోకి కొంచెం తీసి తెచ్చేది. ఆయన చాలు అనేదాకా ఆయన కళ్లముందే ఉప్పు వేసేది. పెద్ద గిన్నెలోనూ ఆ లెక్కనే వేస్తానని లోపలికి వెళ్లేది. బేరాలు తగ్గలేదు. కుర్చీలో ఆయన నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టాడు.

చిన్న గిన్నెలోదే ఇద్దరికీ మధ్యాహ్నం, రాత్రి భోజనం. ఆయనకు ఒంటరిగా ముద్ద దిగేది కాదు. ఎన్నడూ ఆయన తిన్నాక తినే కృష్ణకుమారి ఇప్పుడు ఎదురుగా కూర్చునేది. ఆమె చేయి ఆగితే ఆయన చేయీ ఆగేది. నువ్వు తింటుంటే నాకూ తినబుద్ధవుతుందని ఒకసారి అన్నాడు. ఆమె తల వంచుకుని మారు వడ్డించుకుంది, చెంబెడు నీళ్లు తాగింది. అలా అలా ఆయన తొమ్మిది కిలోలు పెరిగాడు. ఈలోగా ఆమెకు బీపీ పెరిగింది, పాదాలు ఉబ్బాయి. డాక్టరు రెండుసార్లు మాత్రలు మార్చాడు. పని తగ్గించుకోవేమని ఆయన కసురుకునేవాడు.

ఆపరేషనైన పదో నెలలో ఒక ఉదయం, ఉప్పు వేయడం చూసి, చుక్క వేసుకోకుండానే ఆయన చిన్న గిన్నెకు చాలు అనేశాక, కృష్ణకుమారి మళ్లీ బీపీ చూపించుకోవడానికి వెళ్లింది. రిటైరైన ఇమ్మానుయేల్ మాస్టారు బాక్సు పట్టుకుని వచ్చాడు. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి బ్రహ్మానందమే గరిటె పట్టాడు.

"మొదట్లో ఒక్కరోజు తప్ప ఇన్నాళ్లలో ఉప్పు తేడా రాలా బ్రహ్మానందంగారూ. ఏమైనా మీ నాలుకే నాలుక" అని మెచ్చుకుని వెళ్లాడు మాస్టారు.

ఆ మాటకు పొంగిపోయి, పాత అలవాటుకొద్దీ ఆయన పెద్ద గిన్నెలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకున్నాడు. దోసకాయ పులుపు తగిలింది. వెనకే ఇంగువ. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఇంకో చుక్క వేసుకున్నాడు. నిజమే. నాలుగు రోజులుగా కాఫీలో తీపి తెలుస్తున్నట్టుంటే భ్రమేమో అనుకున్నాడు. కళ్లు చెమర్చాయి. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. పక్కన చిన్న గిన్నె కనబడింది. సంతోషంకొద్దీ అందులోదీ నాకాడు.

వాంతి వచ్చినంత పనైంది. అది పప్పు కాదు, వట్టి ఉప్పు. సింకు దగ్గరికి పరిగెత్తి పుక్కిలించాడు. ఇన్నాళ్లూ తన నాలుకను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదన్నమాట. తనను కుర్చీలో బొమ్మలా కూర్చోబెట్టారన్నమాట. కోపంతో కుళాయి విసురుగా కట్టేశాడు. రానీ, అడుగుతాను అనుకున్నాడు. అలా అనుకుంటూనే సింకు పక్కన బోర్లించిన ఆమె కంచం చూశాడు. కోపం ఎక్కడిదక్కడే ఆగింది. ఆర్నెల్లు ఈ ఉప్పు ఆమె ఎదురుగా కూర్చుని తిన్నది. రెండు పూటలా. మారు వడ్డించుకుని మరీ.

ఆమె కొత్త మాత్రలతో తిరిగి వచ్చేసరికి రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. పెద్ద గిన్నెలోంచి పప్పు వడ్డించి ఉంది. చిన్న గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆమె దాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తెలిసిందా?" అంది.

"తెలిసింది. ఉప్పూ తెలిసింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెద్ద గిన్నెకు ఆయన పాత కొలతే వేశానని, తాను ఒక్కసారి కూడా రుచి చూడలేదని చెప్పింది. చెబితే ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడని భయమట. ఆయన కంచం ఆమె ముందుకు జరిపాడు. ఆమె కళ్లు తుడుచుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. తనకు తెలియకుండానే చేయి ఉప్పు డబ్బా వైపు వెళ్లింది.

"ఉప్పు చాల్లేదండీ" అంది.

బ్రహ్మానందం ఆమె మొహంలోకి చూశాడు. అబద్ధం లేదు. డబ్బా తీసి తన కుర్చీ వెనక పెట్టుకున్నాడు. ముంజేతిపై కోత మచ్చ ఉన్న చేత్తో ఆమె అన్నం తానే కలిపాడు.

"చాల్లేకపోయినా తినవే. నేనూ నీ ఎదురుగానే కూర్చుని తింటా" అన్నాడు.