నీలి అట్ట పుస్తకం, మా యారాలి గొంతు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని పిల్లలు పెద్దవాళ్లందరినీ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, మీకు బాగా ఇష్టమైన పుస్తకాలేవో చెప్పండి అని ఒక్కొక్కరి చేతికీ మైకు ఇచ్చారు. లేచినవాళ్లంతా మొదట వేదగ్రంథం పేరే చెప్పారు, చెప్పక ఏం చేస్తారు, పాస్టరుగారు ఎదురుగానే కూర్చున్నారాయె. నా వంతు వచ్చినప్పుడు నేను మాత్రం, గ్రంథం సంగతి దేవుడికీ నాకూ మధ్య ఉండనీయండి, అది ఇష్టాయిష్టాల్లోకి వచ్చేది కాదు, పుస్తకమంటే నాకు నీలి అట్ట పుస్తకమే, అని చెప్పి కూర్చున్నాను. దాని పేరేమిటని అడిగారు. పేరు నాకు తెలుసు, కానీ ఆ పేరుతో పిలవడం ఎప్పుడూ నోటికి రాలేదు. అక్షరాలు రానంత కాలం మా ఇంట్లో పుస్తకాలన్నీ నాకు అట్టల రంగులతోనే ఎరుక.

ఎర్ర అట్టది ప్రసంగాల పుస్తకం. అది నాకు అప్పుడూ నచ్చలేదు, తరువాత స్వయంగా చదివినప్పుడూ నచ్చలేదు. ఓర్పు గురించి అన్ని పేజీలు రాసిన ఆ అయ్యగారు కిరసనాయిలు లైనులో ఒక్క పూటయినా నిలబడి ఉండడని నా నమ్మకం. పసుపు అట్టది రోగుల కోసం ప్రార్థనలు, చిన్నది, రొంటిన దోపుకునేటంత. అది మంచి పుస్తకం, ఎక్కువ మాట్లాడదు. ఇక నీలి అట్టది కథ. ఎవరో దొరసాని ఎప్పుడో రాసిందట. కృష్ణ ఒడ్డున ఒక పల్లె, భర్త పోయిన ఒక పడుచు, ఆమె వేదంలో కలిసిందని, అంటే క్రైస్తవం పుచ్చుకుందని, అత్త ఇంటి తలుపు వేసేస్తే పట్నం పోయి ఆసుపత్రిలో రోగులకు సేవ నేర్చుకుని, ఊళ్లో కలరా వచ్చినప్పుడు మళ్లీ అదే ఊరికి తిరిగి వస్తుంది. నా తరం క్రైస్తవ ఆడవాళ్లలో చాలామంది ఇలాంటి కథ ఏదో ఒకటి వినే ఉంటారు.

నేను అరవైల చివర్లో షాలిబండ వెనక సందులోని ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చాను. మా ఆయన సర్కారు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో ఆడవాళ్లం లాడ్ బజార్ దుకాణాల నుంచి లక్క గాజులు తెచ్చుకుని, వాటికి రాళ్లూ అద్దం ముక్కలూ అతికించి ఇచ్చేవాళ్లం. వేళ్లు కాలేవి, కళ్లు మండేవి, అయినా ఆ పనిలో నన్ను మించినవాళ్లు ఆ సందులో లేరని దుకాణాల భాయ్‌లే అనేవారు, మా అత్త కూడా ఒప్పుకునేది. నాలుగైదేళ్లు ఆ ఇంట్లో నా మాటే మాట. ఆ తరువాత మా మరిదికి పెళ్లయి చిన్నకోడలు వచ్చింది. మా వైపు తోటికోడలిని యారాలంటారు. మెదక్ దిక్కు బోర్డింగులో చదువుకున్న పిల్ల, గొంతు చూస్తే కుండలో నీళ్లు వంపినట్టుండేది.

వచ్చిన వారానికే అత్త ఆమె చేతిలో నీలి పుస్తకం పెట్టింది. సాయంత్రం నీడ పడగానే మేమంతా గాజులు ముందేసుకుని కూర్చునేవాళ్లం, పక్కింటి ఆడవాళ్లు కూడా తమ పని పట్టుకుని వచ్చేవారు, ఆమె గడపకు ఆనుకుని చదివేది. చదివే మనిషి చేతులు ఖాళీగా ఉండవు కదా, కాబట్టి ఆమె వంతు గాజులు ఎవరు చేయాలి అనే ప్రశ్న వచ్చింది. మా అత్త ఆలోచించను కూడా లేదు.

“దాని చేతుల పుస్తకం ఉన్నది గదనే పెద్దదానా, దాని గాజులు గిటు గుంజుకో.”

గుంజుకున్నాను. ఆమె చదువు తాలూకు బరువంతా నా వేళ్ల మీద పడింది, మెచ్చుకోలు మాత్రం ఆమె ఒళ్లో పడింది. నాకు ఎంత కుళ్లుగా ఉండేదో దాచుకోవాల్సిన అవసరం ఈ వయసులో లేదు. అంతకంటే పెద్ద కష్టం ఏమిటంటే, ఆమె చదువుతుంటే నాకూ లేవబుద్ధి అయ్యేది కాదు. ముఖ్యంగా ఆ తలుపు ఘట్టం. కలరా ఊళ్లోకి తిరిగి వచ్చిన కోడలు అత్త వాకిట్లో నిలబడుతుంది, ముసలమ్మ లోపలి నుంచి చాలాసేపు పలకదు, చివరికి గడియ తీసి, “ఎండల వడి వచ్చినవు, చాయ్ తాగుతవా బిడ్డా, ఏం ఫికర్ జెయ్యకు” అంటుంది. అక్కడికి వచ్చేసరికి మా అత్త కొంగు కళ్లకు పోయేది. ఆ సందులో ఆడవాళ్లందరం ఏడ్చేవాళ్లం, నా లక్క చల్లారిపోయేది.

చర్చిలో నాకు పాటలన్నీ నోటికి వచ్చు. పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, వేలు ఒక్కో వరుస కిందా నడిపిస్తూ పాడేదాన్ని, చూసినవాళ్లు చదువుతున్నాననే అనుకునేవారు, నిజం చెప్పాలంటే కొన్నాళ్లకు నేనూ అలాగే అనుకున్నాను. ఒకనాడు ఒక పెళ్లిలో గొంతెత్తి పాడుతుంటే పక్కన ఉన్న యారాలు, ఎవరూ చూడకుండా, మెల్లగా నా చేతిలోని పుస్తకంలో పేజీలు తిప్పి, పాడుతున్న పాట దగ్గర పెట్టి, మళ్లీ తల దించుకుంది. నేను అంతసేపూ సమాధి పాట మీద వేలు పెట్టి పెళ్లి పాట పాడుతున్నానట. ఆమె నవ్వి ఉంటే కొట్లాడేదాన్ని. నవ్వలేదు. అది నన్ను ఇంకా కాల్చింది.

మరుసటి ఆదివారం నుంచి చర్చి వెనక మెట్ల కింద జరిగే చిన్నపిల్లల బడిలో నేనూ పలక పట్టుకుని కూర్చున్నాను. మా ఆయనకైతే వేళాకోళమే.

“ఏందే, నేను రిటైరయ్యే యాడాదికి ఫస్టు క్లాసు పాసైతవా?”

“నువ్వు దస్కతు జేసుడే గంట జేస్తవు, నీకెందుకయ్యా లొల్లి” అన్నాను.

ఒత్తులు నన్ను చాలా ఏడిపించాయి, కానీ గాజు మీద ఆవగింజంత రాయి నిలబెట్టే చేతికి ఒత్తు ఎంత. రెండు క్రిస్మసులు గడిచేసరికి నేను కూడబలుక్కోకుండా చదివే స్థితికి వచ్చాను. ఒక సాయంత్రం అందరూ కూర్చున్నాక, నా గాజుల చాట తీసుకెళ్లి యారాలి ముందు పెట్టి, నీలి పుస్తకం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఇవాళ నేను చదువుతానన్నాను. పక్కింటివాళ్లు పని ఆపేశారు. ఒక్క ఒత్తు దగ్గర కూడా తడబడలేదు. కోడలు ఊళ్లోకి వచ్చింది, వాకిట్లో నిలబడింది, పేజీ తిప్పాను. తలుపు తెరుచుకోలేదు. ముసలమ్మ లోపలే కలరాతో ప్రాణం విడిచిందనీ, కోడలు వాకిట్లో మోకరించిందనీ రెండే వరుసలు, ఆ తరువాత ఆసుపత్రి సంగతి మొదలైంది. పేజీలు అతుక్కున్నాయేమోనని గోటితో విడదీసి చూశాను. లేదు.

“చాయ్ ఏదే?” అంది మా అత్త.

“ఇండ్ల లేదత్తా. ముసల్ది సచ్చిపోయింది.”

“గట్లెట్ల సస్తది? నువ్వు ఇడిసిపెట్టి చదువుతున్నవు. నీకు అచ్చరాలొచ్చినయి గని చదువు రాలే. ఇగో చిన్నమ్మా, నువ్వు తీస్కో.”

యారాలు నా ముఖం చూడకుండా పుస్తకం అందుకుంది, అదే పేజీ మీద కళ్లు పెట్టింది, ముసలమ్మ గడియ తీసింది, చాయ్ తాగుతవా అని అడిగింది. అప్పుడు వెలిగింది నాకు. దొరసాని రాసిన కృష్ణ ఒడ్డు పల్లెలో, చాయ్ ఇంకా ఇళ్లలోకి రాని కాలంలో, మా సందు భాష మాట్లాడే ముసలమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? అన్నేళ్లు విన్నాం, ఒక్కరికీ అనుమానం రాలేదు.

మర్నాడు నల్లా దగ్గర నిలదీశాను. ఆమె బిందె కింద పెట్టి, “ఫస్టు దినమే చదువుకుంట చదువుకుంట ముందటి వరుస సూసిన అక్కా. ఇటు అత్తమ్మ నా మొకం దిక్కే సూస్తున్నది. ఆమె ముంగట అత్తను ఎట్ల సంపుదు?” అంది. దొంగతనం దొరికిందని నేను సంతోషించాలి. కానీ నాకు అంతకుముందు కంటే ఎక్కువ మండింది. చదువైతే పలక పట్టుకుని నేర్చుకున్నాను, ఇది ఏ మెట్ల కింద నేర్పుతారు?

ఎనభైల్లో మా మరిదికి వరంగల్ బదిలీ అయింది, యారాలు సామానుతో వెళ్లిపోయింది, పుస్తకం మాత్రం అత్త కోసమని వదిలి వెళ్లింది. అత్తకు అప్పటికి చూపు ఆనేది కాదు, మంచం దిగేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమే నన్ను నీలిది తీయమంది. తలుపు ఘట్టం దాకా అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను. అక్కడ ఆగాను. యారాలి మాటలు గుర్తు తెచ్చుకోబోతే ఆమె గొంతే గుర్తొచ్చింది కానీ మాటలు వరుసగా రాలేదు. అత్త ఎదురు చూస్తోంది. ఇక నా నోటికి ఏది వస్తే అది అన్నాను. గడియ తీసిన ముసలమ్మ, “ఇన్నొద్దులు ఏడ సచ్చినవే, గిప్పుడు యాదికొచ్చిన్నా నేను” అని తిట్టింది, తిట్టి, కోడలిని రెక్క పట్టుకుని లోపలికి గుంజింది.

 అత్త తడుముకుంటూ నా మోచేయి పట్టుకుంది.

“చిన్నది చదివినట్టు లేదు” అంది. “కానియ్, చదువు.”

ఆ ఏడాదంతా నేనే చదివాను. ప్రతిసారీ ముసలమ్మ ఇంకొంచెం తిట్టేది, మా అత్త నవ్వేది, ఒక్కసారి కూడా చిన్నది చదివినట్టుందని మాత్రం అనలేదు, అనకుండానే పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో చదువురాని మనిషి లేదు. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది, ఎవరి పెదవీ కదలదు, ఒకరు చదువుతున్నది ఇంకొకరికి తెలియదు, ఏడ్చినా ఎవరికి వారే ఏడుస్తారు. చదివే మనిషి పని ఇంకొకరు గుంజుకోవాల్సిన అవసరం ఎవరికీ రావడం లేదు. నేనూ కళ్లద్దాలు పెట్టుకుని అలాగే చదువుతాను, తప్పుల్లేకుండా, అచ్చులో ఏముందో అదే. వరంగల్‌లో మా యారాలికి మనవలు పుట్టారు, పొద్దుగూకితే వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదువుతుందని మొన్న మా మరిది ఫోనులో గొప్పగా చెప్పాడు. ఏ పుస్తకమో నేను అడగలేదు. ఆ గొంతు వింటూ కూర్చునే ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకు ఇంత వయసులోనూ కుళ్లే.